అలికిన పుట

ఢిల్లీ బేర్ సరాయ్‌లో బబుల్ అంటే ఒకటే అర్థం. పోటీపరీక్ష ఓఎంఆర్ షీటు మీద నల్ల బాల్‌పెన్నుతో నింపాల్సిన సున్న. గీత దాటకూడదు, లోపల తెలుపు మిగలకూడదు. "బబ్లింగ్‌కి చివరి పది నిమిషాలు దాచుకో తమ్ముడూ" అని సీనియర్లు చెప్పే మాట ఈ సందుల్లో అడుగుపెట్టిన ప్రతి తెలుగు పిల్లవాడి చెవినా పడుతుంది. నేనూ విన్నాను. రెండేళ్లు ఆ సున్నలే నింపాను. ఆ రోజుల్లోనే ఒక చలికాలపు సాయంత్రం, గదిలో బల్ల లేక చాప మీద పరిచి తెరిచిన పుస్తకంలో మరో రకం బబుల్ కనిపించింది. అది పిట్ట ఆకారంలో ఉంది. మనిషి నోట వచ్చిన మాట ఆ పిట్ట ఒంట్లో ఒదిగి ఉంది. నాలుగు పుటలు తిప్పితే ఇంకో బబుల్. దాని చివర తేలు కొండి. ఆ కొండిని చూడగానే మాట చదవకముందే ఒళ్లు జలదరించింది.

ఆ పుస్తకం భీమాయణం. 2011లో ఢిల్లీలోని నవయాన ప్రచురణ సంస్థ ఇంగ్లీషులో తెచ్చింది. కథనం శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులవి. ముందుమాట జాన్ బెర్జర్ రాశాడు. అంబేడ్కర్ తనకూ తనవాళ్లకూ జరిగిన అవమానాలను 1930ల నడుమ కొన్ని పుటల్లో రాసుకున్నారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని పేరున్న ఆ రచనే దీనికి మూలం. నీరు, ఆశ్రయం, ప్రయాణం. ఈ మూడూ మనిషికి ఎక్కడెక్కడ దొరకలేదో చెప్పే కథ ఇది.

ఈ పుస్తకం నాకు బేర్ సరాయ్‌లో దొరకడం వల్లనే ఇంత లోతుగా దిగిందనుకుంటాను. ఈ చోటు గురించి రెండు మాటలు చెప్పాలి. హిందీలో బేర్ అంటే రేగు, సరాయ్ అంటే సత్రం. జేఎన్‌యూ పాత క్యాంపస్‌కు ఎదురుగా, ఐఐటీకి కూతవేటు దూరంలో ఉన్న ఊరు ఇది. నగరం చుట్టూ పెరిగి మింగేసినా సందులు సందులుగానే మిగిలిన పల్లె. ముందువరసలో పుస్తకాల షాపులు, జిరాక్స్ మెషీన్లు, స్పైరల్ బైండింగ్‌లు. వెనక సందుల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన అద్దె గదులు. ఇక్కడ పుస్తకమంటే నోట్స్. జ్ఞానమంతా గడుల్లోకి, బాణం గుర్తుల్లోకి, ఫ్లోచార్టుల్లోకి సర్దుకుని ఉంటుంది. అంబేడ్కర్ కూడా అలాగే ఒక గడిలో ఉంటారు. 17వ అధికరణం, అస్పృశ్యత నిషేధం, పసుపు హైలైటర్ గీత. ఆ గడిని ఎన్నిసార్లు బట్టీ పట్టానో లెక్కలేదు. ఆ గడిలో ఉన్న పిల్లవాడికి దాహం వేసిందని మాత్రం ఏ నోట్సూ నాకు చెప్పలేదు.

భీమాయణంలో గడులు లేవు.

బొమ్మల కథ అనగానే మనకు చందమామ నాటినుంచీ, అమర్ చిత్రకథ నాటినుంచీ ఒక అలవాటు ఉంది. పుటను చతురస్రాలుగా కోసి, ఒక్కో చతురస్రంలో ఒక్కో క్షణాన్ని బంధించి వరసగా పేర్చుకుంటూ పోవడం. ఈ పుస్తకం వెయ్యమని అడిగినప్పుడు వ్యామ్ దంపతులకు ఆ పద్ధతి ఊపిరాడనివ్వలేదు. మనుషుల్ని పెట్టెల్లో కుక్కబోమన్నారు, బొమ్మకు ఖుల్లా జాగా కావాలన్నారు. ప్రచురణకర్త ఆ మాట విన్నాడు. ఈ పుస్తకం గొప్పతనమంతా ఆ వినడం దగ్గరే మొదలైందని నా నమ్మకం. మామూలుగా చిత్రకారుడికి రచయిత స్క్రిప్టు ఇచ్చి, ప్రచురణకర్త కొలతలు ఇచ్చి, మిగిలిన ఖాళీ నింపమంటారు. ఇక్కడ పుట ఎలా ఉండాలో నిర్ణయించింది చిత్రకారులు. వాళ్లు దాన్ని తమ ఇంటి గోడలా, తమ వాకిలిలా మార్చుకున్నారు.

మధ్యప్రదేశ్‌లోని మండ్లా ప్రాంతపు పర్ధాన్ గోండులు ఇంటి నేలనూ గోడలనూ అలికి వేసే అలంకారాన్ని దిగ్నా అంటారు. దుర్గాబాయి చిన్ననాడే నేర్చుకున్న విద్య అది. పండగకో పెళ్లికో మట్టితో, పేడతో అలికిన గోడ మీద గీతలు ఒకదాన్నొకటి అల్లుకుంటూ అంచులు కడతాయి. భీమాయణంలో ఒక సంఘటనను ఇంకో సంఘటననుంచి వేరు చేసేది ఈ దిగ్నా అంచే. అది చతురస్రం గీయదు. వంకరలు తిరుగుతూ, ఎక్కడ కావాలంటే అక్కడ తెరుచుకుంటూ, కథను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు నడిపిస్తుంది. మనకిది కొత్త కాదు. తెలంగాణ పల్లెలో జాజు పూసిన గోడ అంచున సున్నపు పట్టీ చూసినవాళ్లకూ, కోస్తాలో పేడకళ్లాపి ఆరకముందే వాకిట్లో ముగ్గు దింపే చేతిని చూసినవాళ్లకూ ఆ అంచు భాష తెలుసు. అలికిన నేలకు ఒక గుణం ఉంది. అది పిలుస్తుంది. వచ్చి కూర్చోమంటుంది. ఈ పుస్తకం పుట అలాంటి నేల. మనిషిని వాకిట్లోకి కూడా రానివ్వని కథను చెప్పడానికి ఇద్దరు చిత్రకారులు పుటనే వాకిలి చేసి, అలికి, అంచు తీర్చి, అందులో ఆ మనిషిని నడిమధ్యన కూర్చోబెట్టారు. అలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నీటి అధ్యాయం దగ్గర ఆగుతాను. బడిలో పిల్లలందరూ పంపు దగ్గర నీళ్లు తాగుతారు. భీముడు, అంటే చిన్ననాటి అంబేడ్కర్, పంపు ముట్టకూడదు. బడి బంట్రోతు వచ్చి తిప్పితేనే తాగాలి. బంట్రోతు లేని రోజు నీళ్లు లేని రోజు. కూర్చోవడానికి వేరే గోనెపట్టా. దాన్ని బడిలో ఉంచకూడదు, సాయంత్రం ఇంటికి మోసుకుపోవాలి. 1901లో తండ్రిని చూడటానికి ఇంట్లోని పిల్లలందరూ మంచి బట్టలు కట్టుకుని రైలెక్కి మసూర్ స్టేషన్‌లో దిగుతారు. కులం తెలియగానే బండివాళ్లు వెనక్కి తగ్గుతారు. రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకుంటాడు, కానీ బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం ఉంది. తాగడానికి నీళ్లు లేవు. నీళ్లు లేక అన్నం ముట్టకుండానే రాత్రి గడుస్తుంది.

ఇంత దారుణాన్ని గీయడానికి వ్యామ్‌లు ఎంచుకున్న రూపాలు చూడండి. రైలు పాములా పుటంతా పాకుతుంది. కోట సింహమై నోరు తెరుస్తుంది. నీటి అధ్యాయమంతా చేపలు ఈదుతుంటాయి. పంపు చేతిపిడి ఏనుగు తొండమవుతుంది. మొదటిసారి ఆ ఏనుగును చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. పిల్లవాడు దాహంతో మాడిపోతుంటే ఇంత అందమైన ఏనుగేమిటి? బాధను పూలతో కప్పేస్తున్నారా? ఈ ప్రశ్నను దాటవేసి ఈ పుస్తకాన్ని పొగడటం నాకు చేతకాదు.

మళ్లీ మళ్లీ చూశాక కళ్లు తెరుచుకున్నాయి. ఏనుగు తొండం వంచితే నీళ్లు ఎవరిమీదైనా పడతాయి. ఆ తొండానికి కులం తెలియదు. చేప నీళ్లలో ఉంటుంది, ఆ నీళ్లు ఎవరివని అడగదు. వ్యామ్‌ల పుటలో ఉన్న అందమంతా ఆ పిల్లవాడి పక్షం. చెట్టు, చేప, ఏనుగు, పిట్ట, అన్నీ అతనికి చెందినవే, అన్నీ అతనికి అందుబాటులోనే ఉన్నాయి. మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది మనిషి ఒక్కడే. సృష్టి ఇంత ధారాళంగా ఇస్తున్నదాన్ని సంఘం ఎంత లెక్కకట్టి ఆపుతోందో ఆ అందం లేకపోతే మనకు తెలిసేది కాదు. మన అలంకారికులు కరుణానికి శోకం స్థాయి అన్నారు, అద్భుతానికి విస్మయం స్థాయి అన్నారు. ఈ పుటల్లో ఆ రెండూ ఒకే గీతలో నడుస్తాయి. విస్మయం ఎంత పెరిగితే శోకం అంత లోతుకు దిగుతుంది.

తెలుగు పాఠకుడు ఈ నీటి అధ్యాయాన్ని ఒంటరిగా చదవలేడు. 1985 జూలైలో కారంచేడు మాదిగపల్లె తాగే చెరువునీటిని గేదెలు కడిగి పాడుచేస్తుంటే అడ్డం చెప్పిన మున్నంగి సువార్త చేతిలో బిందె ఉంది. ఆ బిందె పైకి లేచిన క్షణంనుంచే మన నేలమీద ఒక కొత్త చరిత్ర మొదలైంది. భీమాయణం కూడా పాత గాయాన్ని పాతదిగా ఉంచదు. అంబేడ్కర్ బాల్యం పక్కనే నిన్నమొన్నటి వార్తాపత్రికల వార్తలు పెడుతుంది. 2006 నాటి ఖైర్లాంజీ హత్యాకాండ అందులో ఉంది. దిగ్నా అంచు వాటినీ చుట్టుకుంటుంది. మహాద్ చవదార్ చెరువు దగ్గరికి 1927లో అంబేడ్కర్ జనాన్ని నడిపించిన ఘట్టంలో, ఆయన మాట్లాడే లౌడ్‌స్పీకర్లు నీళ్లు చిలకరించే గొట్టాలవుతాయి. ఆయన మాట జనం మీద చినుకులై పడుతుంది. నీళ్లు దొరకని పిల్లవాడు పెద్దవాడై వేలమంది మీద వానై కురవడం! ఈ ఒక్క రూపకం కోసం కవులు ఎన్ని రాత్రులు మేలుకుంటారో. ఇద్దరు చిత్రకారులు అక్షరం రాయకుండా సాధించారు.

మళ్లీ బబుల్స్ దగ్గరికి వస్తాను. బాధపడ్డవాళ్ల మాట, మెత్తటి మాట పిట్ట రూపంలో ఉంటుంది. కులం విషం చిమ్మే మాటకు తేలు కొండి ఉంటుంది. పైకి చెప్పని ఆలోచనకు ఒక కన్ను గుర్తు, మనోనేత్రం. మాటకు ఇలా ఒళ్లు ఇవ్వడం ఎందుకు వాళ్లకే చేతనైందో అర్థం కావాలంటే పర్ధాన్‌లు ఎవరో తెలియాలి. వాళ్లు గోండుల ఆశ్రితగాయకులు. బానా అనే తంత్రీవాద్యం మీద దేవుళ్ల కథలు, వంశాల కథలు పాడటం వాళ్ల పని. మన ఆదిలాబాద్ అడవుల్లో కిక్రి మీటుతూ రాజగోండుల కథలు పాడే పర్ధాన్‌లు ఆ గొలుసులోని వాళ్లే. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ కోసం కళాకారులను వెతుకుతూ వెళ్లిన చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందానికి పాటన్‌గఢ్‌లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ కనిపించాడు. గోడమీది బొమ్మ కాగితం మీదికి వచ్చింది. పాడే గొంతు గీత అయింది. 2001లో జపాన్‌లో అర్ధాంతరంగా పోయేలోపే అతను ఎంతోమంది బంధువుల చేతికి కుంచె అందించి వెళ్లాడు. సుభాష్ వ్యామ్ అతని బావమరిదే. దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ వచ్చింది.

తరతరాలుగా మాటను మోసుకుని ఊరూరా తిరిగిన వంశానికి మాట అంటే గాలి కాదు, ప్రాణి. అది ఎగురుతుంది, వాలుతుంది, కుడుతుంది. గుర్రం జాషువా 1941లో గబ్బిలాన్ని దూతగా పంపినప్పుడు తెలుగు పద్యంలో జరిగింది కూడా ఇదే. మేఘాన్ని, హంసను పంపడం అలవాటైన కావ్యలోకంలోకి గుడి చూరుకు వేలాడే, ఎవరూ శుభమనని ప్రాణిని ఎగరేసి, దాని చెవిలో తన గోడు పెట్టాడు. భీమాయణంలోని పిట్ట బబుల్ చూసినప్పుడల్లా నాకు ఆ గబ్బిలం గుర్తొస్తుంది. సంఘం వినని మాటను రెక్కలున్న ఏదో ఒకటి మోయాలి.

ఆశ్రయం అధ్యాయం నన్ను విడవదు. కొలంబియాలో చదివి వచ్చిన అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరడానికి వెళతారు. ఉండటానికి చోటు దొరకదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని తలదాచుకుంటారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని గుంపు వస్తుంది. పెట్టె సర్దుకుని బయటపడి, కామాఠీబాగ్ అనే తోటలో బొంబాయి రైలు వేళదాకా కూర్చుంటారు. ఈ అధ్యాయంలో వ్యామ్‌లు ఊడలు దిగిన మర్రిని పుటల్లోకి పిలిచారు. సత్రం వెళ్లగొట్టిన మనిషికి చెట్టు చోటిచ్చింది. ఆ ఊడలు ఎంతసేపు చూసినా తనివి తీరదు. గోండు గీతలో బొమ్మకు బయటి రేఖ ఎంత ముఖ్యమో లోపలి నింపుడు అంత ముఖ్యం. సన్న గీతలు, చుక్కలు, చిన్న చిన్న అర్ధచంద్రాలు. ఒక్కో కళాకారుడి నింపుడు ఒక్కో తీరు, అదే వాళ్ల సంతకం. దగ్గరగా చూస్తే గీతలు, దూరంగా పెడితే ఊపిరి.

నేను ఈ అధ్యాయం చదివింది సరాయ్ అనే పేరున్న ఊళ్లో. గది వెతుక్కుంటూ తిరిగిన మొదటి వారం ఒక ఇంటి మూడో అంతస్తులో గది నచ్చింది. కిటికీలోంచి రోడ్డవతల చెట్లు కనిపిస్తున్నాయి. అడ్వాన్సు ఇవ్వబోతుండగా ఇంటాయన పేరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు. దాన్నిబట్టి ఏమీ తేలక "బిరాదరీ క్యా హై?" అన్నాడు. చెప్పాను. రేపు రమ్మన్నాడు. మర్నాటికి గది ఎవరికో ఇచ్చేశారు. మరో సందులో మరో గది దొరికింది, కిటికీ లేదు. దాన్ని పెద్ద విషయంగా తీసుకోకూడదని నాకు నేను చెప్పుకుని, 17వ అధికరణం ఉన్న గడిని మళ్లీ చదువుకున్నాను. నెలల తర్వాత ఆ మర్రి ఊడల ముందు కూర్చున్నప్పుడు, అప్పుడు రాని ఏడుపు వచ్చింది. అది జాలి వల్ల వచ్చిన ఏడుపు కాదు. నా సంగతిని నాకంటే ముందే ఎవరో చూసి, దానికి ఇంత ఒద్దికగా ఒక చెట్టు వేసిపెట్టారన్న ఊరట.

ఈ పుస్తకం పుట్టిన చోటు ఇక్కడికి ఎంతో దూరం కాదు. నవయాన అప్పట్లో ఉన్నది శాపూర్ జాట్‌లో. అదీ బేర్ సరాయ్ లాంటి నగరం మింగిన పల్లెనే. బట్టల మీద కుట్టుపని చేసే కార్ఖానాల మధ్య ఉంటుంది. ఎస్. ఆనంద్, రవికుమార్ 2003లో మొదలుపెట్టిన ఈ చిన్న సంస్థ కులం గురించిన పుస్తకాలనే తన పనిగా పెట్టుకుంది. మన కంచ ఐలయ్య పిల్లల కోసం శ్రమ గౌరవం మీద రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' కు దుర్గాబాయి బొమ్మలు వేసింది, 2007లో దాన్ని తెచ్చింది కూడా వీళ్లే. తెలుగు నేల ఆలోచన, మండ్లా గీత, ఢిల్లీ సందు ఒకే పుస్తకంలో కలిసిన సందర్భం అది. ఇలాంటి కలయికకు పెద్ద సంస్థల లెక్కల్లో గడి ఉండదు. చిన్న ప్రచురణకర్తే చిత్రకారుడితో కలిసి కూర్చోగలడు, వద్దన్నప్పుడు పద్ధతి మార్చుకోగలడు.

ఆసియా అంతటా ఈ చిన్న చేతుల పని సాగుతోంది. చెన్నైలో గీతా వోల్ఫ్ 1994లో మొదలుపెట్టిన తారా బుక్స్, భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతిల చెట్లను 2006లో నల్లటి కాగితం మీద చేత్తో సిల్క్‌స్క్రీన్ వేసి 'ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' గా ఇచ్చింది. పుట తెరిస్తే రంగు వాసన వస్తుంది. ఇండోనేషియాలో 1998లో నియంత దిగిపోయిన వేళ యోగ్యకర్తలో పుట్టిన తారింగ్ పాడి బృందం రైతుల మాటను చెక్క అచ్చుల్లోకి చెక్కింది. మలేషియాలోని సబా కొండల్లో పంగ్రోక్ సులాప్ యువకులు చెక్కిన పలక మీద బట్ట పరిచి, పాటకు అడుగులు వేస్తూ కాళ్లతో తొక్కి అచ్చు తీస్తారు. ఎక్కడ చూసినా సూత్రం ఒకటే. ఊరి చేతికి తెలిసిన పద్ధతిని పుస్తకం నేర్చుకోవాలి. ఊరు వచ్చి పుస్తకం పద్ధతికి ఒదగనక్కర్లేదు.

భీమాయణం కథ ఒక బస్‌స్టాప్‌లో మొదలవుతుంది. రిజర్వేషన్ల వల్ల తనకు ఉద్యోగం రాలేదని ఒక యువకుడు వాపోతుంటే, పక్కనున్న అమ్మాయి అతనికి ఈ చరిత్ర చెప్పడం మొదలుపెడుతుంది. బేర్ సరాయ్ బస్‌స్టాప్‌లో ఆ యువకుణ్ని ఎన్నిసార్లు విన్నానో! చేతిలో ఫైలు, కళ్లలో నిద్రలేమి, గొంతులో నిజమైన బాధ. పుస్తకం అతన్ని చిన్నబుచ్చదు. అతని పక్కన కూర్చుని చెబుతుంది. తేలు కొండిని కూడా తేలు కొండితో కొట్టదు. పిట్టతో జవాబిస్తుంది.

పోయిన ఏడాది ఊరినుంచి ఒక తమ్ముడు ప్రిలిమ్స్ కోచింగ్‌కని వచ్చాడు. గది దొరికేదాకా నా దగ్గరే ఉన్నాడు, మూడు వారాలు. మొదటి రాత్రి కరెంటు పోయింది. ఫోన్ వెలుతురులో ఏదైనా చూపించన్నా అన్నాడు. భీమాయణం తీసి నేలమీద పెట్టాను. ఈ పుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని ఒక్కడే చదవడం కష్టం. పుట ఒకే దిక్కున నడవదు, కళ్లు దాని చుట్టూ తిరగాలి. నేను ఒక పక్క కూర్చున్నాను, వాడు ఎదురుగా కూర్చున్నాడు. నాకు నిలువుగా కనిపించే మర్రి వాడికి తలకిందులుగా కనిపిస్తోంది, అయినా వాడికది చెట్టే. ముగ్గు కూడా అంతే కదా, ఏ వైపునుంచి వచ్చినవాడికైనా అది తిన్నగానే ఉంటుంది. వాడు వేలితో దిగ్నా అంచు పట్టుకుని మెల్లగా పుటంతా తిరిగాడు. "మా నాయనమ్మ గోడకు ఇట్లనే వేసేది అన్నా" అన్నాడు.

కిటికీ లేని నా గదికి మొదటిసారి సరాయ్ అనే మాట సరిపోయింది.